గంటలావిడ అద్దం

ఆ రోజు పొద్దున్న పటాల మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగడం, మున్సిపల్ చైర్మన్ గారి ఫోటోకు పటం కట్టడం, పన్నెండింటికల్లా దాన్ని లైబ్రరీ గోడకు తగిలించడం, సాయంత్రానికి గడియారం గోపురం కింద ఖాళీగా పడి ఉన్న గది తాళాలు జేబులో వేసుకుని ఇంటికి రావడం. ఇందులో దయ్యాల ప్రసక్తి ఎక్కడా లేదు.

అతని సంసారం ఆ గది మీదే ఆధారపడి ఉందంటే అతిశయోక్తి కాదు. షాపు ఇంటి ముందు గదిలోనే నడుస్తోంది. చెక్కపొట్టు, మేకులు, జిగురు డబ్బాలు, అద్దాల ముక్కలు ఒక్కొక్కటే గుమ్మం దాటి లోపలికి వచ్చేశాయి. స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టే అతని భార్య తన మిషనును వెనక్కి వెనక్కి జరుపుకుంటూ పోయి, చివరికి వంటింట్లో పొయ్యి పక్కన తేలింది. పోయిన వారం ఒక పిల్ల చొక్కా కాలరులో గాజు పెంకు దొరికింది. ఆ పిల్ల తల్లి గుమ్మంలో నిలబడి అన్న మాటలు వీధి వీధంతా విన్నది. ఇంకోసారి ఇలా జరిగితే పని వేరేవాళ్ళకు ఇస్తామని స్కూలువాళ్ళు కబురు పెట్టారు.

"ఈసారి కూడా ఆ గది రాకపోతే, మిషను తీసుకుని మా అన్నయ్య ఇంటికి పోతాను," అంది భార్య, టీ గ్లాసు అతని చేతికిస్తూ. ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతను అంత భయపడేవాడు కాదు.

"సాయంత్రానికి తాళాలు నీ చేతిలో ఉంటాయి. పని బాగుంటే గది నీదే అని చైర్మన్ గారు మాటిచ్చారు."

"పని బాగుంటే చాలదు. పన్నెండింటికి అక్కడ ఉండాలి. మీ నోట రేపు అన్న మాట తప్ప ఇంకోటి విన్నవాళ్ళెవరూ లేరు."

అది నిజమే. పసిబిడ్డ ఫోటో ఇచ్చి వెళ్ళినవాళ్ళు, పటం తీసుకెళ్ళేనాటికి ఆ బిడ్డకు మీసాలొచ్చాయని ఊళ్ళో ఒక హాస్యం ఉంది. చైర్మన్ ఫోటో కూడా ఎన్నాళ్ళ నుంచో అతని బల్ల కింద గోడకు ఆనుకుని నవ్వుతోంది. ఇవాళే ఆఖరు రోజు కాబట్టి, ఇవాళే మొదలుపెట్టాడు.

మొదలుపెట్టగానే అద్దం లేదని తెలిసింది. తెప్పించి ఉంచిన మంచి అద్దం చెక్కల అడుగున పడి, ఎప్పుడో నిలువునా చీలిపోయింది. మిగిలిందల్లా ఒక పల్చటి అద్దం. అది గట్టిగా తుమ్మితే పగిలేలా ఉంది. అప్పుడు అతని చూపు మూలన ఉన్న గంటలావిడ పటం మీద పడింది.

గంటలావిడ పటం లైబ్రరీ హాల్లో ఎదురు గోడ మీద తరాలుగా ఉండి, ఈ మధ్యే కిందికి దిగింది. పెన్సిలుతో గీసిన బొమ్మ. గీసిందెవరో తెలియదు. ఎప్పుడో రాజుల కాలంలో ఆ ఊరి గడియారం గోపురాన్ని కనిపెట్టుకుని ఉండి, పూటపూటా గంటలు కొట్టిన మనిషి ఆమె. నడివయసు దాటిన ముఖం, బిగించి దువ్విన జుట్టు, నడుముకు వేలాడే పెద్ద తాళంచెవి. ఒక కనుబొమ్మ రవ్వంత పైకి లేచి ఉంటుంది. ఎదుటివాడు చెప్పబోయే సాకు ఏమిటో ముందే తెలిసినట్టు చూస్తుంది. ఏ కుర్చీలో కూర్చున్నా ఆ చూపు అక్కడికి వస్తుంది. ఆ హాల్లో పుస్తకం మీద తల వాల్చి కునుకు తీసినవాడు ఇంతవరకూ లేడు.

చైర్మన్ గారికి ఆ గోడ నచ్చింది. అందరూ చూసే చోట తన ఫోటో ఉండాలన్నారు. గంటలావిడను స్టోరు గదిలో పెట్టమన్నారు. ఆమె పటం వెనక రంగు వెలిసిపోకుండా మిగిలిన గోడ బయటపడకూడదని, తన ఫోటోను సరిగ్గా అదే కొలతకు పెద్దది చేయించారు. కొత్త పటం కట్టడం, పాత పటాన్ని దులిపి కాగితం చుట్టి ఇవ్వడం, రెండూ మేస్త్రి పనే.

కొలత ఒకటే. పాత అద్దం మందంగా, దిట్టంగా ఉంది. మేస్త్రి దాన్ని ఊడదీసి చైర్మన్‌కు పెట్టి, పల్చటి అద్దాన్ని గంటలావిడకు పెట్టడానికి సిద్ధమయ్యాడు.

"ఆవిడ అద్దం ఆవిడకే ఉంచకూడదా," అంది భార్య గుమ్మంలోంచి.

"చీకటి గదిలోకి పోయే మనిషికి మంచి అద్దం ఎందుకు?"

"పోనీ తుడిచన్నా పెట్టండి. లోపల ఏదో మసిలా ఉంది."

"లోపలి వైపు ముట్టుకోకూడదు. మా నాన్న నేర్పిన మొదటి పాఠం అది. తడి గుడ్డ తగిలితే ఫోటోకు బూజు పడుతుంది. అద్దానికి బయటి వైపు లోకానిది, లోపలి వైపు పటంలో మనిషిది."

"ఏ మనిషిది?" అంది భార్య.

దానికి అతని తండ్రి జవాబు నేర్పలేదు. మేస్త్రి రెండు పటాలకూ అద్దాలు బిగించి, వెనక మేకులు కొట్టి, చైర్మన్ పటాన్ని బల్ల మీద వెల్లకిలా తిప్పాడు. కిటికీలోంచి పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతోంది. ఫోటోలో చైర్మన్ నిండుగా నవ్వుతున్నారు. ఆ నవ్వుకు కాస్త పైగా, కాస్త పక్కగా, ఇంకో ముఖం ఉంది.

బూడిద రంగు ముఖం. ఒక కనుబొమ్మ పైకి లేచి ఉంది. చైర్మన్ బుగ్గ మీంచి రెండు కళ్ళు మేస్త్రి వంకే చూస్తున్నాయి.

అతను పటాన్ని నిలబెట్టాడు. ముఖం పోయింది. పడుకోబెట్టాడు. వచ్చింది. వెనక్కి తిరిగి మూలన ఉన్న పెన్సిలు బొమ్మను చూశాడు. గంటలావిడ తన పటంలో తను ఉండాల్సిన చోటే ఉంది. లేకపోయినా అతను అంత భయపడేవాడు కాదేమో. ఒకే మనిషి రెండు చోట్లా ఉండడమే అతనికి మింగుడుపడలేదు. ఆమెను స్టోరు గదికి పంపుతున్నారు కాబట్టి, ఆమె తన దారి తను చూసుకుంటోందని అతనికి గట్టిగా తోచింది.

భార్యకు చెప్పలేదు. చెబితే ముందే చెప్పానుగా అంటుంది. గోడ మేకు చూసి వస్తానని వంక పెట్టి, లైబ్రరీకి నడిచాడు.

లైబ్రేరియన్ మేడమ్ ఖాళీ గోడ వంక చూస్తూ కూర్చుని ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆ పటం ఎదురుగా పనిచేసిన మనిషి. పటం దిగిన దగ్గర్నుంచి ఆమె మొహంలో కళ లేదు.

"ఈ గంటలావిడ ఎలాంటి మనిషి మేడమ్?" అన్నాడు మేస్త్రి, మేకును పట్టి లాగుతూ. "కోపిష్టి మనిషా?"

"కోపం ఏమీ లేదు. అప్పటి రాజుకు పొద్దెక్కి లేచే అలవాటు. తను భోజనానికి కూర్చున్నప్పుడే ఊళ్ళో పన్నెండు కొట్టాలన్నాడు. ఈవిడ కొట్టనంది. పన్నెండు అయినప్పుడే పన్నెండు అంది. తాళంచెవి లాక్కురమ్మని ఒక భటుణ్ణి పంపితే, మెట్లెక్కినవాడు కాసేపటికి నోరు మెదపకుండా దిగొచ్చాడు. ఇంకొకణ్ణి పంపితే వాడూ అంతే. చివరికి రాజే ఎక్కాడు."

"ఎక్కి?"

"దిగొచ్చాడు. మర్నాటి నుంచి తెల్లారకముందే లేచేవాడట."

"ఆవిడ ఏమన్నదట?"

"ఏమీ అనలేదట. ఊరికే చూసిందట."

మేస్త్రి మేకును వదిలేశాడు. వచ్చిన దారినే ఇంటికి వెళ్ళేసరికి, చైర్మన్ గారి పీఏ బల్ల మీద వంగి, పటాన్ని అటు నుంచి ఇటు నుంచి చూస్తున్నాడు.

"ఎవరయ్యా ఈవిడ?" అన్నాడు పీఏ గొంతు తగ్గించి.

"మీకూ కనపడిందా?" అన్నాడు మేస్త్రి. అది తనొక్కడికే కనపడటం లేదని తెలిసి అతని ప్రాణం కాస్త కుదుటపడింది. కానీ అనకూడని మాట అదే.

"నాకూ ఏమిటి? అంటే ఊరందరికీ తెలుసా? నాకొక్కడికే తెలియదా?" పీఏ ముఖం పాలిపోయింది. చైర్మన్ గారు ఎవరో ఆవిడ పక్కన నిలబడి ఫోటో దిగారనీ, తర్వాత ఆవిణ్ణి చెరిపించబోతే పూర్తిగా చెరగలేదనీ అతను క్షణంలో తేల్చుకున్నాడు. "నువ్వు నాకేం చెప్పలేదు, నేనేం చూడలేదు," అని చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. నేరుగా చైర్మన్ గారి భార్య దగ్గరికే వెళ్ళాడు. పీఏను ఉద్యోగంలో పెట్టుకున్నది చైర్మనే అయినా, ఉద్యోగంలో ఉంచేది ఆవిడే.

ఇంకాసేపటికి ఇంటి ముందు కారు ఆగింది. ఆవిడ దిగి, పలకరింపులు లేకుండా లోపలికి వచ్చి, "ఎక్కడ?" అంది. మేస్త్రి బల్ల చూపించాడు. ఇల్లు కూలినా ఫరవాలేదు గానీ ఈవిడ అరవకుండా ఉంటే చాలనుకున్నాడు.

ఆవిడ అరవలేదు. చాలాసేపు వంగి చూసింది. తర్వాత నెమ్మదిగా, "కూర్చోడానికి ఏమన్నా ఉందా?" అంది. మేస్త్రి భార్య స్టూలు తెచ్చి వేసింది.

"ఈవిడ మా అత్తగారు," అంది చైర్మన్ భార్య.

"కాదమ్మగారూ, ఈవిడ..."

"నాకు తెలియదా? ఆవిడ పోయి ఎన్నో ఏళ్ళయింది. అయినా ఆ కనుబొమ్మ నేనెక్కడ చూసినా గుర్తుపడతాను. కాపురానికి వచ్చిన రోజు నుంచి అలాగే చూసింది నన్ను. పొయ్యి వెలిగిస్తే చూసింది, ఆర్పితే చూసింది. కొడుకు వంక మాత్రం ఒక్కసారి కూడా అలా చూడలేదు." ఆవిడ ఇంకోసారి పటం మీదికి వంగింది. "ఇప్పుడు ఆయన నెత్తి మీదే వచ్చి కూర్చుంది."

"పటం విప్పి మళ్ళీ కడతాను అమ్మగారూ. రేపటికల్లా..."

"ముట్టుకున్నావంటే ఊరుకోను. ఉన్నది ఉన్నట్టు తగిలించు. ఆయనకు మాత్రం ఎవరూ చెప్పకండి. తనంతట తను చూడాలి." ఆవిడ కారు ఎక్కేటప్పుడు నవ్వుకుంటూ ఉంది. కారు తలుపు పట్టుకుని నిలబడ్డ పీఏ ఆ నవ్వును చూసి ఇంకా బెదిరిపోయాడు.

మేస్త్రికి ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది. తగిలిస్తే గది పోతుంది, గదితో పాటు భార్య పోతుంది. తగిలించకపోయినా అంతే. చివరికి, అమ్మగారు ఏమన్నా సరే, అద్దం మార్చేద్దామని నిశ్చయించుకున్నాడు. గంటలావిడ పటంలోంచి పల్చటి అద్దాన్ని బయటికి తీయబోయాడు. ఆవిడ చూస్తూనే ఉంది. అద్దం అతని వేళ్ళ మధ్యే పుటుక్కుమని రెండైంది.

"ఈ చైర్మన్ పటం మీద గుడ్డ కప్పి ఉంచు. నువ్వు మాత్రం దీని వంక చూడకు," అని భార్యకు చెప్పి, అద్దాల షాపుకు పరుగెత్తాడు. షాపు మూసి ఉంది. యజమాని లైబ్రరీలో ఫోటో ఆవిష్కరణ సభకు వెళ్ళాడని పక్కవాళ్ళు చెప్పారు. రొప్పుకుంటూ తిరిగొచ్చేసరికి, పీఏ పంపిన మనుషులు పటానికి పట్టుగుడ్డ చుట్టి బండి ఎక్కించేస్తున్నారు. మేస్త్రి ఇంక చేసేది లేక, అద్దం లేని గంటలావిడకు దళసరి కాగితం చుట్టి, తాడు కట్టి, చంకన పెట్టుకుని బండి వెనక నడిచాడు. భార్య ఏదో చెప్పబోయింది గానీ అతను వినే స్థితిలో లేడు.

పన్నెండింటికి అంతా సిద్ధంగా ఉంది. గుడ్డ కప్పిన పటం గోడ మీద ఉంది. కాగితం చుట్టిన గంటలావిడ తలుపు పక్కన నేల మీద ఉంది. హాలు నిండింది. లేనిదల్లా చైర్మన్ ఒక్కరే.

గోపురం మీద పన్నెండు కొట్టింది. అందరూ సర్దుకుని కూర్చున్నారు. ఒంటిగంట కొట్టింది. వెనక వరుసలో కొందరు లేచి వెళ్ళి భోంచేసి వచ్చారు. రెండు కొట్టింది. వేదిక మీద పూలు తలలు వాల్చాయి. పడమటి కిటికీలోంచి ఎండ మెల్లగా లోపలికి దిగి, నేల మీద పాకి, కుర్చీలు దాటి, గోడ వైపు వస్తోంది. మేస్త్రి ఆ ఎండనే చూస్తున్నాడు. చైర్మన్ సమయానికి వచ్చి ఉంటే ఆ గోడ నీడలో ఉండేది, ఎవరికీ ఏమీ కనపడేది కాదు. ఎండ గోడ ఎక్కి పటం మీద నిలిచింది. అప్పుడు బయట కారు తలుపు చప్పుడైంది.

చైర్మన్ నల్లకళ్ళజోడుతో, జేబుల్లో చేతులు పెట్టుకుని వచ్చారు. "ఆలస్యం అయిందని ఎవరూ అనుకోకండి. నేనొచ్చినప్పుడే పన్నెండు," అన్నారు. అది ఆయన ప్రతి సభలోనూ వేసే జోకు. అలవాటు కొద్దీ అందరూ నవ్వారు. లైబ్రేరియన్ మేడమ్ నవ్వలేదు. మేస్త్రి గోడ మీది పటం వంక చూశాడు.

ఆయన తాడు లాగారు. గుడ్డ జారింది. కూర్చున్నవాళ్ళకు అద్దం మీద ఎండ తళుకు తప్ప ఏమీ కనపడలేదు. దగ్గరగా ఉన్నది ఆయనొక్కరే. తన ఫోటోను తనివితీరా చూసుకోవడానికి ఆయన ఇంకో అడుగు ముందుకు వేశారు.

ఫోటోలో నవ్వు ఉండిపోయింది, ఆయన ముఖం మీది నవ్వు పోయింది.

హాలంతా ఉపన్యాసం కోసం ఎదురు చూసింది. చైర్మన్ నల్లకళ్ళజోడు తీశారు. జేబుల్లోంచి చేతులు బయటికి తీసి, రెండు పక్కలా తిన్నగా పెట్టుకున్నారు. గొంతు సవరించుకుని, ఎవరితోనో, "దారిలో కారు ఆగిపోయింది," అన్నారు. ఎదురుగా ఎవరో ఆ మాట నమ్మలేదన్నట్టు తల వంచుకున్నారు. "లేదు. నిద్రపోయాను," అన్నారు.

ముందు వరుసలో ఆయన భార్య ఒడిలో చేతులు పెట్టుకుని హాయిగా కూర్చుని ఉంది. గోపురం మీద గంట మొదలైంది. ఒకటి, రెండు, మూడు. ఆయన పెదవులు కదుపుతూ లెక్కపెట్టారు. మోత పూర్తిగా ఆగిపోయాకే ఇటు తిరిగారు.

"ఇది దించేయండి. ఇక్కడుండే మనిషిని ఇక్కడే పెట్టండి."

"ఏ మనిషి సార్?" అన్నాడు పీఏ.

చైర్మన్ తలుపు పక్కన కాగితం చుట్టిన కట్ట వైపు చెయ్యి చూపించారు. అందులో ఏముందో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మేస్త్రి అక్కడికక్కడే, తల ఎత్తకుండా, పటం విప్పి మందపాటి అద్దాన్ని తిరిగి గంటలావిడకు బిగించి గోడకెక్కించాడు. ఆ మేకును ఆమె బరువు కోసమే కొట్టినట్టుంది, పటం ఒక్కసారికే సరిగ్గా కుదురుకుంది. చైర్మన్ బయటికి వెళ్తూ అతని చేతిలో తాళాలు పెట్టారు. "గది తీసుకో. ఒకటే షరతు. నా ఫోటోకు ఇంకెప్పుడూ పటం కట్టకు."

జనం వెళ్ళాక మేస్త్రి ఉండబట్టలేక లైబ్రేరియన్ మేడమ్‌తో జరిగిందంతా చెప్పేశాడు. ఆమె చాలా రోజుల తర్వాత పకపకా నవ్వింది. "దయ్యమూ లేదు, ఏమీ లేదు. పెన్సిలు పొడి, గోడ చెమ్మ. అన్నేళ్ళు బొమ్మకు అంటుకుని ఉన్న అద్దానికి లోపలి వైపు ముఖం అచ్చు పడుతుంది. ఏటవాలు వెలుతురు తగిలితే కనపడుతుంది. పాత బొమ్మలకు ఇది మామూలే."

మేస్త్రి గుండె మీంచి పెద్ద బండ దిగిపోయింది. పొద్దున్నుంచీ ఎంత వెర్రివాడినయ్యానా అని దారంతా నవ్వుకుంటూ ఇంటికి వచ్చాడు. తాళాలు మిషను మీద పెట్టాడు. భార్య వాటిని తీసి, పెట్టి, మళ్ళీ తీసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇంక ముందు గది నాదే కదా," అంది.

"నీదే. ఇంకో సంగతి విను. నువ్వు పొద్దున్న చూసిన మసి లేదూ, చైర్మన్‌ను హడలగొట్టింది అదే. ఉత్త పెన్సిలు పొడి." అతను మేడమ్ చెప్పిందంతా తనకు ముందే తెలిసినట్టు వివరించాడు.

భార్య తాళాలు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"ఆ మసి ఇంకా ఎక్కడుంది?" అంది. "మీరు అద్దాల షాపుకు పరుగెత్తినప్పుడు నేను తుడిచేశాగా. వెనక మేకులు తీసి, సబ్బు నీళ్ళతో రెండు వైపులా రుద్ది, ఆరబెట్టి, మళ్ళీ బిగించాను. చెప్తే మీ నాన్నగారి పాఠం ఎత్తుకుంటారని ముందు చెప్పలేదు. తర్వాత చెప్పబోతే మీరు వినలేదు."

"సరిగ్గా పోయి ఉండదు."

"కిటికీ దగ్గర ఎండలో పడుకోబెట్టి చూశాను. చైర్మన్ గారొక్కరే ఉన్నారు. మచ్చ కూడా లేదు."

దూరంగా గోపురం మీద ఆరు కొట్టింది. మేస్త్రి లేచి చేతులు కడుక్కుని, పిలవకుండానే భోజనానికి కూర్చున్నాడు.

ఇప్పుడు ముందు గదిలో మిషను ఆడుతోంది, కాలర్లలో గాజు పెంకులు దొరకడం లేదు. చైర్మన్ సభలకు కుర్చీలు వేయకముందే వచ్చి కూర్చుంటున్నారు. మేస్త్రి షాపు గడియారం గోపురం కింద ఉంది. దాని గుమ్మం లైబ్రరీ కిటికీకి ఎదురుగా ఉండడంతో, తలెత్తితే గంటలావిడ కనపడుతుంది. అతను అద్దాలు రెండు వైపులా తుడుస్తున్నాడు, ఇచ్చిన పని చెప్పిన పూటకు ఇస్తున్నాడు. ఇంత మార్పు ఎలా వచ్చిందని అడిగినవాళ్ళకు, కొత్త గదిలో వెలుతురు బాగుందని చెబుతాడు.